రాజు ‘ఉన్నాడా’, ‘పాలిస్తున్నాడా’?

సందేహం: ‘బ్రిటన్‌ను పాలిస్తున్న మూడవ చార్లెస్’ అని ఒక వార్తలో చదివాను. అక్కడ పాలించేది ప్రధాని కదా, అలా రాయవచ్చునా? అటువంటి రాజును ‘ఉత్సవ విగ్రహం’ అనడం సమంజసమేనా? ‘రాజరికం’, ‘రాచరికం’ అనే రూపాలలో ఏది సరైనది?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: మీ మొదటి అనుమానం సరైనదే. చార్లెస్ 2022 సెప్టెంబరు 8 నుంచి బ్రిటన్‌కు రాజుగా ఉన్నాడు. పాలిస్తున్నాడు అనడానికి వీలు లేదు. ఇంగ్లీషువారికి రెయిన్, గవర్న్ అని రెండు క్రియలు ఉన్నాయి. సింహాసనం మీద ఉండడం మొదటిది, అధికారం నడపడం రెండవది. మనకు ‘పాలించు’, ‘ఏలు’ అని రెండు మాటలున్నా వాటి మధ్య ఆ తేడా లేదు. సంస్కృతం నుంచి వచ్చిన ‘పాలించు’లో కాపాడడమనే అర్థం ఉంది, అచ్చతెలుగు ‘ఏలు’లో తనదిగా చేసుకొని చూసుకోవడం ఉంది కనుకనే భక్తుడు దేవుణ్ణి ‘నన్నేలుకో’ అని వేడుకుంటాడు. ఈ మాటలు స్థిరపడిన కాలంలో సింహాసనం ఒకరిది, అధికారం మరొకరిది అనే ఏర్పాటు మనవారి ఊహలో లేదు. ‘రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా’ అన్న సామెత పుట్టింది కూడా అటువంటి రాజును చూసే.

అయినా ఈ తేడాను చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు తడబడలేదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి 1948 వరకు హైదరాబాదు సంస్థానాన్ని ఏలాడు. 1950 జనవరి 26 నుంచి 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు అదే మనిషి హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నరు వంటి నామమాత్రపు అధిపతి. 1952 నుంచి అక్కడ ప్రభుత్వాన్ని నడిపింది ఎన్నికైన బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం. మొదటి దశను మనం ‘నిజాం ఏలుబడి’ అంటాం, రెండవదాన్ని ‘నిజాం రాజప్రముఖ్‌గా ఉన్న రోజులు’ అంటాం. ‘రాజప్రముఖ్ ఏలుబడి’ అన్నవారిని నేను ఎరుగను. చార్లెస్‌కు కావలసిన క్రియ కూడా ఆ ‘ఉండు’ అనేదే.

ఈ భేదాన్ని విస్మరిస్తే అనువాదం ఎంత అభాసుపాలవుతుందో చెప్పడానికి బెల్జియం ఉదంతం ఒకటి చాలు. 1990 ఏప్రిల్‌లో గర్భస్రావాన్ని కొన్ని షరతులతో అనుమతించే చట్టంపై సంతకం చేయడానికి రాజు బోడువాఁకు మనస్సాక్షి ఒప్పలేదు. రాజు ‘రాజుగా కొనసాగలేని స్థితి’లో ఉన్నాడని మంత్రివర్గం ప్రకటించి, ఆయన బదులు మంత్రులే సంతకాలు చేసి చట్టాన్ని అమలులోకి తెచ్చారు; ఆ వెంటనే పార్లమెంటు ఆయనను తిరిగి రాజుగా నిలిపింది. దీన్ని ‘పాలించలేని స్థితి’ అని తెనిగిస్తే అర్థం తలకిందులవుతుంది, ఎందుకంటే పాలన ఒక్క గంట కూడా ఆగలేదు, నడిపేవారు మారనూ లేదు.

బ్రిటన్‌లో అంతటి చిక్కు రాలేదు. పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు రాజముద్ర నిరాకరించిన చివరి సందర్భం 1708లో రాణి ఆన్ నాటిది. సమావేశాల ప్రారంభంలో రాజు చదివే ప్రసంగాన్ని మంత్రులే రాస్తారు. ప్రధాని వారానికొకసారి రాజును కలుసుకుంటాడు. ఆ మాటలను ఎవరూ నమోదు చేయరు. సంప్రదించాలని కోరడానికి, ప్రోత్సహించడానికి, హెచ్చరించడానికి రాజుకు హక్కుందని పందొమ్మిదవ శతాబ్దం నుంచి చెబుతూ వస్తున్నారు. రెండవ ఎలిజబెత్ 70 ఏళ్ళలో చర్చిల్ మొదలుకొని 15 మంది ప్రధానులను చూసింది కనుక ఆ హెచ్చరికకు అనుభవపు బరువు ఉండి ఉంటుంది. స్వీడన్ రాజుకు ఆపాటి పని కూడా లేదు. 1975లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం ప్రకారం ప్రధాని పేరును ప్రతిపాదించేది స్పీకరు, చట్టాలపై రాజు సంతకం అక్కరలేదు.

మీరు అడగకపోయినా ‘సలహా’ గురించి ఒక మాట చెప్పాలి. 2019లో ప్రధాని సలహాపై రాణి పార్లమెంటు సమావేశాలను ముగిస్తే, ఆ సలహాయే చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు సెప్టెంబరు 24న తీర్పు చెప్పింది. తప్పు పట్టింది ప్రధానిని, రాణిని కాదు. తెలుగులో సలహా అంటే వింటే వినవచ్చు, లేకుంటే మానవచ్చు. ఇక్కడ అది కట్టుబడవలసిన మాట. మన రాజ్యాంగంలోని 74వ అధికరణంలో ఈ సంగతిని 1976లో 42వ సవరణ స్పష్టంగా రాసింది. ఒకసారి పునఃపరిశీలనకు పంపే వీలును 44వ సవరణ రాష్ట్రపతికి ఇచ్చింది. అందువల్ల ‘సలహా తీసుకొని’ అని కాక ‘సలహా మేరకు’ అని రాయడం మేలు.

‘ఉత్సవ విగ్రహం’ పోలికలో దోషం లేదు, దాన్ని వాడే తీరులో ఉంది. మన పత్రికలు ఆ మాటను ‘దేనికీ కొరగానివాడు’ అనే అర్థంలో విసురుతాయి. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాదు. ఊరేగింపు, కల్యాణం జరిగేది ఉత్సవమూర్తికే. తిరుమల మాడవీధుల్లో మలయప్పస్వామికి చేతులెత్తి మొక్కేవారెవరూ ఆయనను కొరగానివాడని అనుకోరు. ఆ గౌరవంతో అంటే చార్లెస్‌ను ఉత్సవ విగ్రహం అనవచ్చు. అయితే ప్రధానితో ఏకాంతంగా జరిగే వారపు భేటీ ఈ పోలికకు లొంగదు.

ఇక రూపం సంగతి. రాజు అనే మాట సమాసంలో ‘రాచ’ అవుతుంది: రాచబాట, రాచనగరు, రాచకార్యం. పేదరికం, చుట్టరికంలో ఉన్న ‘రికం’ దానికి చేరి ‘రాచరికం’ అయింది. ‘రాజరికం’ కూడా వాడుకలో పాతుకుపోయింది కనుక తప్పనను. నేను మాత్రం రాచరికమనే రాస్తాను. ‘రాజ్యాంగ రాచరికం’ అంటే అర్థం తేలదు, కట్టుబాటును తెలిపే ‘బద్ధ’ ఉండాలి. ‘రాజ్యాంగబద్ధ రాచరికం’ అంటే సంస్కృత పదాన్ని తెలుగు మాటతో నేరుగా సమసింపజేసినట్లవుతుందని సంప్రదాయవాదులు ఆక్షేపిస్తారు. వారి ఆక్షేపణకు తావులేకుండా ‘రాజ్యాంగబద్ధమైన రాచరికం’ అని రాయండి.