రిపోర్టు రాసే ముందు

తల్లీ,

ఎదుగుదల లోపాలున్న యువతకు ఏ పని సరిపోతుందో అంచనా వేసే ఉద్యోగంలో చేరుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వపడ్డానో అంత టెన్షనూ పట్టుకుంది. నువ్వు రాసే కాగితం వాళ్ల వెంట ఏళ్ల తరబడి తిరుగుతుంది, అదే నా భయం.

చూపు, వినికిడి, వాడే మందులు, ఇంట్లో చేసే పనులు ముందే అడిగి తెలుసుకో. ఐక్యూ అంకె చూసి ఏదీ తేల్చెయ్యకు.

ఆటిజం ఉన్న ఒక అబ్బాయి సంగతి చెప్తాను. ఒక శిక్షణ కేంద్రంలో నట్లు, వాషర్లు వేరు చేయమంటే కాసేపటికే లేచిపోయాడు. ‘ఏకాగ్రత లేదు, ఏ పనికీ తగడు’ అని రాసిచ్చారు. ఆ కాగితం చూసి తర్వాత ఎక్కడా చేర్చుకోలేదు. వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చింది. నేనూ అదే పని ఇచ్చాను. లేచే ముందు ప్రతిసారీ పైకి చూస్తున్నాడు. ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది! అది ఆపేసి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా లేవలేదు. వంకరపోయిన వాషర్ ఒకటి తగిలితే, ఏ గిన్నెలోనూ వెయ్యకుండా నా చేతిలో పెట్టాడు. సరుకు నాణ్యత చూసే పనికి ఇంకేం కావాలి? అప్పటికే ఆ కాగితం రెండేళ్లు తినేసింది.

నేర్పకుండా పరీక్షించడం అన్యాయం. 1970ల్లో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, సైకిల్ బ్రేకు భాగాలను జోడించి బిగించడం నేర్పాడు. వాళ్ల వల్ల కాదని అందరూ అనుకున్న పని అది.

నీకేమో చిన్నప్పటినుంచీ తొందర. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే జవాబు అందించేస్తావు. అక్కడ అలా చేశావంటే ఊరుకోను. అడిగాక మనసులో పది లెక్కపెట్టు. సాయం కావాలంటే ముందు వేలితో చూపించు, తర్వాత చేసి చూపించు, చెయ్యి పట్టి చేయించడం ఆఖర్న. ఎంత సాయంతో చేశారో రాయి. ‘ఇష్టమేనా’ అంటే మన కోసం ఊ అనేవాళ్లే ఎక్కువ, రెండు పనులు ముందుపెట్టి ఎంచుకోమను. వీలైతే అసలు పని జరిగే చోటే, వేర్వేరు రోజుల్లో చూడు. చేయలేకపోతే ఏ గదిలో, ఏ వేళప్పుడు, పక్కన ఎవరుండగా అన్నది కూడా రాయి.

నువ్వు ఓపిక పట్టగలవు తల్లీ, నాకు తెలుసు. మొదటి రిపోర్టు పంపే ముందు ఫోన్ చెయ్యి. పేరు వద్దు, చూసింది చూసినట్టు చెప్పు. వేళకు తిను.

మీ పెద్దమ్మ