ఆడని కార్ల బ్రోచర్లే పట్టు

అమ్మలూ,

పాత కార్ల బ్రోచర్లు పోగేస్తున్నానని మెసేజ్ పెట్టావ్, సంతోషం. కానీ అంబాసిడర్, ఫియట్‌లతో మొదలెట్టావ్ చూడు, అదే నాకు నచ్చలా, అవి అందరి దగ్గరా ఉంటాయ్. నా మాట విని ఆడని కార్లవి పట్టు. హిట్టయిన కారు రోడ్డు మీదే కనపడుద్ది, ఫ్లాపైనదానికి చాలాసార్లు ఆ నాలుగు పేజీలే మిగులుతాయ్.

స్టాండర్డ్ 2000 ఉంది కదా, 1985లో మద్రాసు నుంచి వచ్చింది. పైకి ఇంగ్లాండ్ రోవర్ ఎస్‌డీ1 బాడీ, భలే దర్జా, అక్కడ దాన్లో 3.5 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ పెట్టి అమ్మారు, మనోళ్లేమో వాన్‌గార్డ్ అనే పాత స్టాండర్డ్ కారు కాలం నాటి ఇంజిన్‌నే 1991 సీసీకి సర్ది పెట్టారు. మూడేళ్లకే దుకాణం సర్దేశారు. అందుకే ఏ బ్రోచర్ దొరికినా ముందు బొమ్మలు చూడకు, వెనకాల స్పెసిఫికేషన్లు చదివి అప్పుడు ముందుకి రా, ఎక్కడ బిల్డప్ ఇచ్చారో ఇట్టే తెలిసిపోద్ది. అమెరికాలో పాంటియాక్ కార్ల కంపెనీకి ఫిట్జ్‌ప్యాట్రిక్, కాఫ్‌మన్ అని ఇద్దరు ఆర్టిస్టులు గీసేవాళ్లు, ఒకాయన కారు, ఇంకొకాయన వెనక సీనరీ, కారుని ఉన్నదానికన్నా వెడల్పుగా గీసేవాళ్లు. అబద్ధమే, కానీ ఎంత అందమైన అబద్ధమో!

మన బెంగళూరు బాదల్‌ని మాత్రం వదలొద్దు. ఫైబర్ బాడీ, మూడు చక్రాలు, వెనకాల 198 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, దాన్ని కారని అమ్మారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి. ఆ కంపెనీదే డాల్ఫిన్ కారు, 1982లో వచ్చింది, మరుసటేడు డిసెంబర్లో మారుతి 800 దిగింది, ఇక చెప్పేదేముంది. ఫారిన్‌వి కావాలంటే 1955 డాడ్జ్ లా ఫెమ్ చూడు, ఆడవాళ్ల కోసమని గులాబీ రంగేసి హ్యాండ్‌బ్యాగ్, లిప్‌స్టిక్ డబ్బా, గొడుగు కూడా ఇచ్చారు, అయినా ఆడవాళ్లు కొనలా. కొనరు మరి!

కొనేటప్పుడు భూతద్దం తీసుకెళ్లు. పాత ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో ఫొటో మీద రంగుల చుక్కలు ఒక వరసలో కనపడతాయ్, అక్షరాల అంచులు నీటుగా ఉంటాయ్. ఈమధ్య స్కాన్ చేసి కొట్టినవాటిలో అక్షరాల్లో కూడా చుక్కలుంటాయ్. పిన్నుల దగ్గర తుప్పు మరక ఉంటే మంచిదే, పేజీలు పాతబడి పిన్నులు మాత్రం కొత్తగా మెరుస్తుంటే డౌటే. వెనక డీలర్ స్టాంప్ ఉంటే పాడైందని ధర తగ్గించమని అడుగు, వాడు తగ్గిస్తాడు, నాకైతే స్టాంప్ ఉన్నదే ముద్దు, ఏ ఊళ్లో అమ్మారో తెలుస్తది.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరకి పొద్దున్నే వెళ్లు, పాత మెకానిక్ షెడ్లలో అడుగు. లామినేషన్ అస్సలు చేయించకు, సెల్లోటేప్ వెయ్యకు, పీవీసీ కవర్లలో పెడితే ఇంకు అంటుకుపోద్ది, పాలిస్టర్ కవర్లు కొనుక్కో. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు పడెయ్.

అన్నట్టు స్టాండర్డ్ గెజెల్ బ్రోచర్ ఎక్కడైనా కనపడితే బేరమాడుతూ కూర్చోకుండా కొనేసి నాకు ఫోన్ చెయ్, డబ్బులు నేనిస్తా.

మీ బాబాయ్