‘మీ ఇష్టం’ అన్నాను, వెళ్లిపోయారు!

ప్రశ్న: మాది విజయవాడ పటమట. పెళ్లయి ఐదేళ్లు. మావారికి ఆటిజం ఉందని పోయిన ఏడాదే తెలిసింది. నా గొంతులో కోపం, బాధ ఆయనకు అసలు పట్టవు. మొన్న ఆదివారం గుంటూరులో ఆయన స్నేహితుడి గృహప్రవేశం. నాకేమో జ్వరం. ‘మీ ఇష్టం, వెళ్లండి’ అన్నాను. నిజంగానే వెళ్లిపోయారు. పైగా వస్తూ వస్తూ నాకు భోజనం కట్టించుకుని తెచ్చారు! ఆయనకు నామీద ప్రేమ లేదా?

జవాబు: భోజనం కట్టించుకొచ్చిన మనిషికి ప్రేమ లేదని నేననలేను. జ్వరంతో వంట చేసుకోలేరని ఆయనకు తట్టింది. ‘వెళ్లండి’లో ‘వెళ్లొద్దు’ దాగుందని తట్టలేదు.

మన ఇళ్లలో ఈ గొడవ మరీ ఎక్కువ. ‘మీ ఇష్టం’, ‘పర్లేదులే’, ‘నాకేం, బాగానే ఉన్నా’... అసలు సంగతంతా ఆ సాగదీతలోనే ఉంటుంది. ఆటిజం ఉన్న పెద్దవాళ్లలో చాలామంది అరుపునీ, వెక్కివెక్కి ఏడవడాన్నీ గుర్తుపడతారు. చిక్కల్లా వెటకారం, అలక, మింగుకున్న బాధ దగ్గరే. అందరూ ఒకేలా ఉండరనుకోండి. కానీ మాటా గొంతూ చెరో దారిన పోతే మాటనే నమ్మేవాళ్లు ఎక్కువ. పక్కన టీవీ మోగుతూ, కుక్కర్ విజిల్ వేస్తూ ఉంటే ఇంకా కష్టం. చెవుల్లో లోపమేమీ ఉండక్కర్లేదు.

వీళ్లలో దాదాపు సగం మందికి తమకేమనిపిస్తోందో చెప్పుకోవడమే కష్టం. దాన్ని అలెక్సిథైమియా అంటారు. కాబట్టి ‘మీకేమనిపించింది?’ అని అడిగితే ఆయన మౌనంగా ఉండిపోయినా, ఏదో దాస్తున్నారనుకోకండి. ఆయన గొంతు ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే, అది విసుగని మీరూ ఎన్నోసార్లు పొరబడి ఉంటారు. ఈ అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని 2012లో డామియన్ మిల్టన్ అనే బ్రిటన్ పరిశోధకుడు రాశారు. మిల్టన్‌కూ ఆటిజం ఉంది.

ఇకమీద ‘జ్వరంగా ఉంది, ఒక్కదాన్నే ఉండలేను, ఇవాళ ఆగండి’ అని విడమరిచి చెప్పండి. నోరు తెరిచి అడిగించుకోవడం ఏం ప్రేమ అనిపిస్తుంది, నిజమే. మొదట్లో చేదుగానే ఉంటుంది. ఆయన వంతు కూడా ఉంది: ‘మీ ఇష్టం’ వినపడగానే ‘నిజంగా అంటున్నావా, కోపంతోనా?’ అని అడగడం అలవాటు చేసుకోవాలి. అడిగినప్పుడు ‘అది కూడా తెలీదా?’ అని మాత్రం అనకండి, రెండోసారి అడగరు.

పెద్దవాళ్లలో ఆటిజం గురించి తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆటిజం నయం చేసే మందులంటూ ఎవరైనా చెబితే ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఈలోగా ఆ ఆదివారం సంగతి ఆయనతో మాట్లాడండి. నిష్ఠూరం పక్కనపెట్టి, ఆ రోజు మీకేం కావాల్సి వచ్చిందో మామూలు మాటల్లో చెప్పండి.