‘డాఫ్ట్ ఏపత్’ అంటే తిట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో, లీడ్స్‌లో నర్సు. మొన్న సెలవన్న సంగతి మరిచిపోయి డ్యూటీకి వెళ్లిందట. సీనియర్ నర్సు అందరి ముందూ నవ్వి, ‘యూ డాఫ్ట్ ఏపత్’ అని, టీ పెట్టి ఇచ్చి ఇంటికి పంపిందట. డాఫ్ట్ అంటే తెలివితక్కువ అని డిక్షనరీలో చూసినప్పటి నుంచి ఒకటే టెన్షన్. పిల్లని చులకన చేస్తున్నారా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, టీ పెట్టి ఇచ్చిందని మీరే రాశారు. చులకనగా చూసే మనిషి అంత చెయ్యదు. నిశ్చింతగా ఉండండి.

ఏపత్ అంటే అరపెన్నీ సరుకు. 1971కి ముందు పౌనుకి 240 పెన్నీలు, అందులో ఒక పెన్నీకి సగం! వింటే మన ‘కాణీకి కొరగాదు’ గుర్తొస్తుంది. కానీ మన మాట గుచ్చుకుంటుంది. ఉత్తర ఇంగ్లండులో ఇది పిల్లల్నీ, దగ్గరివాళ్లనీ ముద్దుగా విసుక్కునే మాట.

నేను మన పర్లాకిమిడిలోనే పుట్టి, ఇక్కడి పిల్లలకే ఇంగ్లీషు చెప్పాను. చిన్నప్పుడు పాతపట్నంలో గొడుగు మరిచిపోయి తడిసి వస్తే మా పెద్దమ్మ ‘ఏటే ఎర్రిగుంటా’ అనేది. అంటూనే తువ్వాలుతో తల తుడిచేది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరమ్మా మనది. జనం నోట నడిచే మాట కోసం ఆయన ఎంత పోరాడారు! డిక్షనరీ పక్కన పెట్టి, ఆవిడ ఏ గొంతుతో అందో అమ్మాయినే అడగండి.

1981లో బీబీసీలో మొదలైన ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ సీరియల్లో డెల్ తన తమ్ముడు రాడ్నీని ‘ప్లాంకర్’ (తెలివితక్కువవాడా) అని తిడుతుంటాడు. తల్లి పోయాక ఆ తమ్ముణ్ని పెంచింది ఆ అన్నే. ఆ తిట్టులో ఉన్న మమకారం నాకు ఎంతో ఇష్టం. మపెట్, వాలీ, స్కాట్లండు వాళ్ల నంప్టీ కూడా చాలావరకు ఇలాంటివే. పిల్లలనైతే ‘సిల్లీ సాసేజ్’ అంటారు.

అయితే మీ అమ్మాయి వీటిని అప్పుడే పేషెంట్ల మీదా, పైవాళ్ల మీదా వాడకూడదు. చనువు ముదిరాక అవే వస్తాయి. ఎవరైనా మొహం చిట్లించి ‘స్టుపిడ్’, ‘యూజ్‌లెస్’ అన్నారా, అది వేరే సంగతి. తేదీ, టైము రాసిపెట్టుకుని వార్డు మేనేజరుకి చెప్పమనండి.