పిల్లల పుస్తకాలు రాసి, బొమ్మలూ తానే వేసుకుంటే ఇల్లు గడుస్తుందా?

మీ చెల్లెలు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ చదువుతోందని, పిల్లల కథలు తనే రాసి బొమ్మలూ తనే వేస్తానంటోందని, దాంతో ఇల్లు గడుస్తుందా అని అడిగారు. 15 ఏళ్లుగా నా పని అదే. మొదటి ఆరేడేళ్లు పుస్తకాల మీద వచ్చింది రంగులకీ కాగితాలకీ సరిపోయేది. ఇంటద్దె మాత్రం డ్రాయింగ్ టీచరు జీతంలోంచే కట్టాను. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల బొమ్మలు, బడుల్లో వర్క్‌షాపులు కలిస్తేనే నెల గడుస్తుంది. ఇది ముందే తెలిసి దిగితే తట్టుకోగలదు.

నాకు ఈ పిచ్చి పట్టింది ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద. నాన్న వెంట వెళ్లి పాత చందమామలు ఏరుకునేదాన్ని. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే, చందమామ చిత్రకారుడు శంకర్ గారు వేసిన విక్రమార్కుణ్ణి ఎన్ని నెలల సంచికల్లో చూసినా తనివి తీరేది కాదు. కథ చదవడం రాకముందే ఆ బొమ్మలో భయం నాకు అర్థమైంది.

మాటకీ బొమ్మకీ మధ్య పొత్తు ఎలా కుదరాలో మాత్రం ఒక రెండో తరగతి పిల్ల నేర్పింది. నా మొదటి పుస్తకం డమ్మీ పట్టుకుని వారాసిగూడ దగ్గర ఒక సర్కారు బడికి వెళ్లాను. ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకి మడిచి పిన్ను కొడితే 32 పేజీలు, అదే డమ్మీ. నాలుగో పేజీలో నల్లమబ్బు, కొట్టుకుపోతున్న గొడుగు, దాని వెంట పరుగెత్తే అవ్వ. కింద నేను రాసుకున్నది: 'మబ్బు పట్టింది. గాలి వీచింది. అవ్వ గొడుగు ఎగిరిపోయింది.' చదువుతుంటే ముందు వరసలో పిల్ల, 'గదంతా బొమ్మలనే కనబడుతుంది గదా టీచర్, కత చెప్పు' అంది. ఇంటికొచ్చి మూడు వాక్యాలూ కొట్టేసి, అక్కడ అవ్వ అరిచే 'ఆగవే!' ఒక్కటే ఉంచాను. మర్నాడు చదివితే క్లాసంతా గొడుగుని కేకలేసింది. రెండు పనులూ ఒక్కరే చేస్తే వచ్చే లాభం ఇదే. మాట ఎక్కడ తగ్గాలో ఇంకొకరిని బతిమాలక్కర్లేదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. మన అక్షరాలకి పైన గుడులు, కింద ఒత్తులు. వరసల మధ్య జాగా సరిపోకపోతే కింది వరస గుడి పై వరస ఒత్తుని తాకి, చిన్నపిల్లలు తడబడతారు. అందుకే బొమ్మ వేసేటప్పుడే మాటలకి ఖాళీ వదలాలి. ముఖాలేవీ రెండు పేజీలు కలిసే మడత మీదికి రాకూడదు. నా మొదటి పుస్తకంలో గేదె ముఖం సగం ఆ మడతలోకి పోయింది, అచ్చయ్యాక చూసి ఏడ్చాను.

ఇంకో దెబ్బ కూడా తిన్నాను. ఒక ప్రచురణకర్తకి మాట మీద బొమ్మలిచ్చాను. రెండో ముద్రణలోనూ అవే వచ్చాయి, క్యాలెండర్ మీదా వచ్చాయి. నాకు కబురు లేదు, డబ్బు లేదు, అడగడానికి చేతిలో కాగితం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాతపూర్వకంగానే బదిలీ అవుతాయి. ఆ కాగితంలో గడువు వేయకపోతే అది 5 ఏళ్లే. 'శాశ్వతంగా' అన్న మాట కనబడితే మీ చెల్లెల్ని సంతకం పెట్టనివ్వకండి.

మొదట చూపించుకోవడానికి ప్రథమ్ బుక్స్ వారి పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ ఉంది, కానీ అక్కడ పెట్టింది ఎవరైనా వాడుకోవచ్చు, అది తెలిసే పెట్టాలి. తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల పుస్తకాలు తిరగేస్తే తెలుగులో ఎలాంటివి వస్తున్నాయో తెలుస్తుంది. డిసెంబరులో జరిగే హైదరాబాద్ బుక్‌ఫెయిర్‌లో పిల్లల స్టాళ్ల దగ్గర రెండు గంటలు నిలబడి ఏ పుస్తకం చేతుల్లోకి వెళ్తోందో చూడమనండి.

అంతకంటే ముందు ఎనిమిది కాగితాలు మడవమనండి. రంగులు వద్దు, పెన్సిల్ చాలు. దగ్గర్లో ఏ బడిలోనైనా హెడ్మాస్టరు గారిని అడిగి రెండో తరగతిలో చదవమనండి. పిల్లలు ఏ పేజీ దగ్గర కిటికీలోంచి బయటికి చూశారో, ఆ నంబరు రాసుకుని రమ్మనండి.