పాత రేసు సైకిలుకు మళ్లీ ప్రాణం

ప్రశ్న: మిలాన్‌లో ఉంటున్నాను. ఇక్కడి సంతలో ఉక్కు ఫ్రేము గల పాత ఇటలీ రేసు సైకిలు కొన్నాను. వెనుక గేరు మార్చే భాగం మీద సైకిలు భాగాలు చేసే ఇటలీ కంపెనీ కాంపాన్యోలో పేరు, ‘పేటెంట్ 74’ అని ఉన్నాయి. సీటు గొట్టం ఎంత తిప్పినా కదలడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఆ అంకె ఆ భాగం తయారైన 1974వ సంవత్సరాన్ని సూచిస్తుంది, భాగాలు మారుతుంటాయి కనుక ఫ్రేము వయసును దానితోనే నిర్ణయించకండి. ఉక్కు ఫ్రేములో అల్యూమినియం సీటు గొట్టం ఉన్నచోట తడి చేరితే, రెండు లోహాల మధ్య రసాయనిక చర్య జరిగి, అల్యూమినియం మీద ఏర్పడిన తెల్లటి పొర ఉబ్బి గొట్టాన్ని పట్టేస్తుంది. బలవంతం చేస్తే ఫ్రేము మెలిపడుతుంది, మంట చూపిస్తే రంగు పోతుంది. బిగింపు బోల్టు తీసేసి, సందులోకి ఇంకే పల్చటి నూనెను రోజూ కొద్దికొద్దిగా వదులుతూ వారం పది రోజులు ఓపిక పట్టండి. ఆ తర్వాత గొట్టం పైభాగాన్ని వైస్‌లో (వస్తువును కదలకుండా పట్టి ఉంచే బిగింపు పనిముట్టులో) బిగించి, ఫ్రేమునే రెండు చేతులతో అటూ ఇటూ మెల్లగా తిప్పండి. తిరిగి అమర్చేటప్పుడు గ్రీజు తప్పక రాయండి.

పెడల్ ఇరుసు కప్పులు (ఇరుసును రెండువైపులా ఫ్రేములో పట్టి ఉంచే మర భాగాలు) విప్పేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం: ఇటలీ మర రెండువైపులా కుడిమరే కాబట్టి రెండు కప్పులూ గడియారపు ముల్లుకు ఎదురుగా తిప్పితేనే ఊడతాయి, ఇంగ్లీషు సైకిళ్లలో మాత్రం కుడివైపు కప్పుకు ఎడమమర, అంటే తిరగేసిన మర, ఉంటుంది. అసలు రంగు నిలిచి ఉంటే, గీతలు పడినా సరే, దయచేసి కొత్త రంగు వేయించకండి.