రైలు అకారణంగా ఆగదు

బాబూ,

నీ అరకు రైలు వ్యాసం చదివాను. కరకవలసలో "రైలు అకారణంగా ఆగిపోయింది, బోర్ కొట్టి ఫోన్ చూసుకున్నాం" అని రాశావు చూడు, అక్కడ ఒళ్ళు మండింది. అది లేకపోతే ఈ జవాబు ఇంకో నెల పట్టేది. వాక్యం బాగానే రాస్తావు, ఆ సంగతి నీకూ తెలుసు కాబట్టి వదిలేద్దాం.

ఆగిన కారణం నీ కిటికీ పక్కనుంచే పోయింది. రెండు లైన్ల కింద నువ్వే రాశావు, "ఎర్రదుమ్ము కొట్టుకున్న గూడ్సు ఒకటి వెళ్ళింది" అని. ఆ గూడ్సు కోసమేనయ్యా ఆ లైను వేసింది! 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజం విశాఖ రేవు మీదుగా వాళ్ళకి పంపాలని. అందుకే విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి ఆ గనుల దగ్గరి కిరండూల్ దాకా, అప్పటిదాకా సరైన రోడ్డు కూడా లేని కొండల్లో సొరంగాలు తవ్వి, 1967కల్లా పట్టాలు వేశారు. ఆ ఖనిజాన్ని పెద్ద ఓడలకి ఎత్తడానికే తర్వాత 1976లో విశాఖ ఔటర్ హార్బర్ వచ్చింది. నువ్వెక్కిన కిరండూల్ పాసింజరు ఆ ఇంట్లో అద్దెకున్నవాడి లాంటిది, ఇంటాయన వస్తే పక్కకి తప్పుకోవాలి. నువ్వు కూర్చున్న అద్దాల పెట్టె, ఆ తిరిగే సీట్ల విస్టాడోమ్, 2017లో వచ్చింది. అంటే లైను పుట్టిన యాభై ఏళ్ళకి టూరిస్టు గుర్తొచ్చాడన్నమాట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ వ్యాసంలో మూడు పేజీలు మంచు ఉంది. మంచు, పచ్చదనం, "ప్రకృతి ఒడి", మళ్ళీ మంచు. బొడ్డవర దాటగానే కొండలు నిన్ను పలకరించాయన్నావు. కొండలు ఎవర్నీ పలకరించవు బాబూ. అక్కడ బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి, అంతకంటే నిటారుగా ఉంటే అంత బరువు బండి ఎక్కలేదు, ఎక్కినా దిగేటప్పుడు పట్టు దొరకదు. ఆ లెక్క తప్పకుండా ఉండటానికే లైను కొండ చుట్టూ అన్ని మెలికలు తిరిగింది, నీ ఫొటోలో ఇంజనూ ఆఖరి పెట్టే రెండూ పడ్డాయంటే ఆ లెక్క పుణ్యమే. అందాన్ని కష్టం నుంచి విడదీసి రాస్తే మిగిలేది క్యాలెండర్ బొమ్మ. రైలు గురించి రాసేవాడు ముందు అది ఏం మోస్తోందో, ఎందుకు మోస్తోందో, దాన్ని ఎవరు ఆపుతారో రాయాలి, ఇందులో నేను ఎవరితోనైనా ఎంతసేపైనా పోట్లాడతాను.

పోట్లాడాను కూడా. వయసులో ఉన్నప్పుడు సెలవు దొరికితే చాలు, జనరల్ పెట్టెలో ముంతమసాలా తింటూ పోయి ఏదో ఒక ఘాట్ స్టేషన్లో దిగి, సాయంత్రం తిరుగు బండి వచ్చేదాకా గూడ్సులు చూసేవాణ్ణి. మూడేసి ఇంజన్లు కట్టిన బండ్లు. పైకి పోయేవి ఎక్కువగా ఖాళీవి. అసలు భయం దిగే వాటితోనే, వేల టన్నుల ఖనిజాన్ని ఆ దిగుడులో అదుపులో పెట్టుకుంటూ రావాలి. బ్రేకు కాలిన వాసన బండి పోయాక కూడా ప్లాట్‌ఫారం మీద ఉండేది. అదంతా రాసి ఒక వారపత్రికకి పంపితే సబ్ ఎడిటర్‌గారు "పాఠకుడికి ఈ లెక్కలెందుకండీ" అని ఖనిజం, వాలు, బ్రేకులు అన్నీ కొట్టేసి, జామకాయలమ్మే పిల్ల గురించి నేను రాసిన రెండు వాక్యాలు ఉంచి, పక్కన థింసా నృత్యం ఫొటో వేశాడు. నా పేరు కూడా సగమే పడింది. ఇప్పుడు ఎడిటర్లు లేరుగానీ పిచ్చి అదే, కాకపోతే పేరు నోస్టాల్జియా అయింది. రైలెక్కిన ప్రతివాడికీ బాల్యం గుర్తొస్తుంది. నీకు ఇరవై రెండేళ్ళు, నీకప్పుడే బాల్యం ఏమిటి?

నీ వ్యాసంలో నన్ను పట్టుకున్నది ఒక్కటే. సొరంగంలో కుర్రాళ్ళంతా కేకలు పెడుతుంటే, గోడలోని గూడులో ఒదిగి నిలబడ్డ కీమన్ చేతిలో లైటు కనబడి మాయమైందని బ్రాకెట్లో రాశావు. బ్రాకెట్లో! ఆ మనిషి రోజూ ఆ పట్టాల వెంట నడుస్తాడు, సడలిన బిగింపులు సుత్తితో కొట్టి సరిచేస్తాడు, బండి వస్తే ఆ గూడులోకి తప్పుకుంటాడు. నీ కేకలన్నీ ఆయన చెవిలో పడతాయి. ఆ బ్రాకెట్ తీసెయ్, ఆ మంచు పేజీలు తీసేసి ఆ చోటు ఆయనకియ్యి.

ఇంకా. నువ్వు రాసినట్టు 58 సొరంగాలు అరకు చేరేలోపే రావు, అది కిరండూల్ దాకా మొత్తం లైను లెక్క. శిమిలిగుడ బోర్డు చూసి "దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషన్" అని దించేశావు. ఆ 996 మీటర్ల గొప్ప ఒకప్పుడు నిజమే, కశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజ్ నడిచాక చెల్లదు. బోర్డులు చూసి రాయకు.

ఏ పత్రికకి పంపాలి, పేరు మార్చుకోవాలా అని అడిగావు. ముందు మళ్ళీ వెళ్ళు. బొర్రా గుహలు స్టేషన్లో దిగు, గుహలకి వెళ్ళకు, బెంచీ మీద కూర్చో, స్టేషన్ మాస్టరు ఖాళీగా ఉన్నప్పుడు ఈరోజు ఎన్ని గూడ్సులు దిగాయని అడుగు. విసుక్కుంటే అదీ రాయి. స్టేషన్ల వరసలో తైడా ముందొస్తుంది, చిమిడిపల్లి తర్వాత, నువ్వు తారుమారు చేశావు. ఈసారి పంపేటప్పుడు పేజీలకి నంబర్లు వెయ్యి, ఫ్యాను గాలికి ఎగిరిపోతే ఏరుకుని సర్దుకోలేక చచ్చాను.